పులి కావాలా, బల్లి కావాలా?

అలిపిరి పాదాల మండపం దగ్గర తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ అద్దుకుంటూ ఎక్కే ఇల్లాళ్లు, మొక్కు తీర్చుకోవడానికి మోకాళ్ల మీద పాకే కుర్రాళ్లు, పిల్లని భుజానికెత్తుకుని గోవింద కొట్టే తండ్రులు. 3,550 మెట్లు. కాళ్లకి చెప్పులుండవు. వాళ్లలో ఎవరినైనా ఆపి "హైకింగుకి వచ్చారా?" అంటే ఎగాదిగా చూస్తారు. చేస్తున్నది మాత్రం అదే. అడవి కొండ మీదికి గంటల తరబడి నడక. కొండెక్కడం తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు పక్కకి తిరిగి చూసే అలవాటే మనకి తక్కువ.

పక్కన ఉన్నది శేషాచలం. ఈ కొండల్లో 1985లో అభయారణ్యం ఏర్పడింది. అందులోని 353 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. 2010లో చిత్తూరు, కడప ఉమ్మడి జిల్లాల అడవులు కలిపి 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ రిజర్వును ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది అదే మొదటిది. ఏడాది పొడవునా కోట్ల మంది ఈ అడవి అంచున నడుస్తారు, బస్సుల్లో దీన్ని చీల్చుకుంటూ పోతారు. తిరుపతి వెళ్లొచ్చామని చెబుతారే గానీ శేషాచలం చూశామని చెప్పినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు.

అడవి చూడ్డానికని పనిగట్టుకుని వచ్చేవాళ్లకి తలకోన మంచి మొదలు. తిరుపతి నుంచి రంగంపేట, బాకరాపేట ఘాటు మీదుగా వెళ్లి, నెరబైలు దాటితే అడవి తలుపు తీసినట్టుంటుంది. అక్కడ మాకు దారి చూపిన పెద్దాయన ఊరి వన సంరక్షణ సమితి మనిషి. చేతిలో కర్ర, నెత్తిన తుండు. నడక మొదలెట్టే ముందు ఆయన మమ్మల్ని ఒక్కటే అడిగాడు.

"పులి కావాలా సార్, బల్లి కావాలా?"

"పులి ఉందా అన్నా?"

"చిరుతపులి ఉండాది. అది మనల్ని చూస్తాది, మనకి కనపడదు. బల్లయితే మనమే చూడొచ్చు. అదేమీ అనుకోదు."

నా లెక్కలో శేషాచలం గురించి తెలుసుకోవాల్సినదంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఇది కన్హా, కజిరంగా లాంటిది కాదు. జీపెక్కి కూర్చుంటే గడ్డి మైదానంలో జంతువు ఎదురొచ్చే చోటు కాదిది. ఎండిన కొండలు, లోతైన కోనలు, రాతి చరియలు, పది గజాల అవతల ఏముందో తెలియని పొదలు. చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, కణుతులు, దుప్పులు, కొండగొర్రెలు అన్నీ ఉన్నాయి. కనపడాలన్న పట్టింపు వాటికి లేదు. ఫోన్లో జంతువుల జాబితా రాసుకుని వచ్చినవాళ్లు సాయంత్రానికి "ఏమీ కనపళ్లేదండీ" అని ముఖం వేలాడేసుకుని పోతారు. వంగి చూసేవాళ్లకి, ఆగి వినేవాళ్లకి ఈ అడవి కాస్త చేయి విప్పుతుంది.

ఇంతకీ ఆ బల్లి మామూలు బల్లి కాదు. శాస్త్రంలో కాలోడాక్టైలోడిస్ ఆరియస్, జనం మాటలో బంగారు బల్లి. జత కట్టే కాలంలో మగదాని ఒళ్లు పసుపు పూసినట్టు మెరుస్తుంది. మిగతా రోజుల్లో రాతి రంగులో రాతి మీద కలిసిపోయి ఉంటుంది. తేమ ఆరని కోనల్లో, వాగుల పక్కన రాతి నెర్రెల్లో బతుకుతుంది. చాలా ఆడబల్లులు ఒకే చోట రాతి కప్పుకి గుడ్లు అతికించి పెడతాయి. పెద్దాయన ఒక చరియ కింద వంగమని చెప్పి పైకి చూపించినప్పుడు ముందు ఏదో తెల్లటి పొక్కుల్లా అనిపించింది. తేరిపార చూస్తే గుడ్ల పెంకులు. కొన్ని పాతవి, పగిలిపోయినవి. బల్లి కోసం ఇంకాస్త సేపు మెడ నొప్పి పెట్టేదాకా చూడాల్సి వచ్చింది. నెర్రె అంచున రెండు కళ్లు, ఒక వేలు. అంతే.

ఈ బల్లిని 1870లో లోకానికి పరిచయం చేసినవాడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. మద్రాసు సైన్యంలో అధికారిగా వచ్చి అటవీశాఖలో స్థిరపడి, మద్రాసు ప్రెసిడెన్సీ అడవులకి పెద్ద అయినవాడు. పాముల్ని, బల్లుల్ని, ఫెర్న్ మొక్కల్ని ఒకే ఆసక్తితో పోగేసి పేర్లు పెట్టిన మనిషి. ఆ తర్వాత చాలా కాలం ఈ బల్లి ఊసు పెద్దగా వినపడలేదు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ కనిపెట్టి రాసినప్పుడు గానీ తూర్పు కనుమల్లో ఇది ఇంకా ఉందన్న సంగతి పండితులకి తెలిసిరాలేదు. లక్షలాది మంది దేవుడి కోసం పైకెక్కుతున్న కొండల్లో అది తన మానాన తాను గుడ్లు పెట్టుకుంటూనే ఉంది.

బెడ్డోమ్ పేరు ఇంకో చోట కూడా తగులుతుంది. కొండ పైభాగాల్లో, రాతి నేలల్లో, ఈతచెట్టుకీ ఫెర్నుకీ మధ్యరకంగా కనిపించే పొట్టి మొక్క ఒకటుంది. స్థానికులు పేరిత అంటారు. శాస్త్రంలో దాని పేరు సైకస్ బెడ్డోమై. పూలు పూసే చెట్లు పుట్టకముందు, డైనోసార్లు తిరిగిన కాలం నాటి వంశం దానిది. ఇది ఈ తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగ మొక్కకి వచ్చే కంకిని నాటుమందుల కోసం విరుచుకుపోవడం వల్ల దీనికి బాగా దెబ్బ తగిలింది. అంతర్జాతీయ వ్యాపారంలో పూర్తి నిషేధం ఉన్న సైటిస్ మొదటి జాబితాలో పులి, ఏనుగుల సరసన ఇదీ ఉంది. దాని పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లు ఎవరూ ఉండరు. దిగకపోవడమే మంచిదేమో.

తలకోన జలపాతం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, రాష్ట్రంలో అంత ఎత్తైనది ఇంకోటి లేదంటారు. సినిమాల్లో చూసే ఉంటారు. ఆదివారాల్లో అక్కడ బిర్యానీ పొట్లాలు, స్పీకర్లు, ఈలలు. కోతులకి పండగ, మిగతా జీవాలకి సెలవు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర్నుంచి జలపాతం దాకా వెళ్లే దారే అసలు విశేషం. అక్కడ గిల్లతీగ ఉంది. తీగ అంటే మల్లెతీగ లాంటిదేదో ఊహించుకోకండి. మనిషి నడుమంత లావుతో నేల మీద పాకి, మాను మీదికెక్కి, ఆ మాను వదిలి ఇంకో మాను పట్టుకుని, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. దాని కాయలు గజం పొడుగు దాకా పెరుగుతాయి. మొసలి వీపులా పగుళ్లిచ్చిన బెరడుతో ఎర్రచందనం, దాంతోపాటు జాలారి, తెల్లకరక, మొగి. ఇవన్నీ ఈ కొండల సొంత సరుకు. చెట్ల పేర్లు చెప్పగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లకపోతే ఈ దారి పచ్చటి గోడలా ఉంటుంది. ఆ పెద్దాయనకిచ్చే కూలీ ప్రయాణంలో అన్నిటికంటే గిట్టుబాటైన ఖర్చు.

పక్షుల సంగతీ అంతే. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణాది రాతి కొండల్లో తప్ప కనపడనిది. దాన్ని చూడాలని ఎక్కడెక్కడి నుంచో బైనాక్యులర్లు మెడలో వేసుకుని వస్తారు. ముందు పాట వినపడుతుంది, తర్వాత బండల మధ్య పొద కదులుతుంది, ఆపైన మీ అదృష్టం. అడవి కోడి మాత్రం పొద్దున్నే పిలవకుండా ఉండలేదు. రాత్రిళ్లు తిరిగే దేవాంగపిల్లి ఉంది. అరచేతిలో ఇమిడేంత ఒళ్లు, ముఖమంతా కళ్లే. అది ఇక్కడ ఉందని తెలిసి ఉండడమే మనకి దక్కేది. పార్కులో రాత్రి నడకలకి అనుమతి ఉండదు. ఉండకూడదు కూడా.

ఎందుకంటే రాత్రి చిరుతది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత పట్టుకుపోయింది. అంతకు రెండు నెలల ముందే ఇంకో చిన్న పిల్లాడి మీద దాడి జరిగింది, అదృష్టం కొద్దీ వాడు బతికాడు. తర్వాత కొన్ని వారాల్లో బోన్లు పెట్టి పలు చిరుతల్ని పట్టుకున్నారు. మధ్యాహ్నం దాటాక పిల్లల్ని నడకదారిలోకి పంపకూడదన్నారు, భక్తులకి చేతికర్రలిచ్చారు. కర్రల మీద అప్పట్లో ఎగతాళి చాలానే నడిచింది. నాకైతే అందులో నవ్వడానికేమీ కనపడలేదు. గుంపుగా నడవాలి, పిల్లల్ని మధ్యలో ఉంచాలి, చేతిలో ఏదో ఒకటుండాలి అన్నది పశువులు కాసుకునే ఏ ఊరివాళ్లయినా చెప్పే మాటే. దారి పొడుగునా తిండి పారేసి, దాని కోసం కుక్కల్ని, పందుల్ని రప్పించి, వాటి వెనక చిరుతని రప్పించుకున్నది మనం. ఆ గొలుసు తెంచడం కర్రలివ్వడం కంటే కష్టమైన పని.

ఏనుగులు ఇక్కడ పాత కాపులు కావు. తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి 1980లలో చిత్తూరు అడవుల్లోకి వచ్చాయి. వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అక్కణ్నుంచి కొన్ని శేషాచలం పట్టాయి. 2025 శివరాత్రికి ముందు గుండాలకోన గుడికి చీకట్లో అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. చిరుత విషయంలో గుంపు కాపాడుతుంది. ఏనుగు విషయంలో గుంపు ఏ పనికీ రాదు, వెలుతురుండగా నడవడం ఒక్కటే దారి. తాజా పేడ కనిపిస్తే పెద్దాయన మాట తగ్గించి, గాలి ఎటు వీస్తోందో చూసి, చేత్తోనే వెనక్కి మళ్లమన్నాడు. ఎందుకని అడగాలనిపించలేదు.

ఎర్రచందనం మాట ఎత్తకుండా శేషాచలం కథ ఎవరూ ముగించలేరు. చుట్టుపక్కల నాలుగైదు జిల్లాల కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు. వాసన ఉండదు, ఎరుపే దాని ధర. రాళ్లల్లో నిదానంగా పెరుగుతుంది, రాత్రికి రాత్రి నరుక్కుపోతారు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఆ చావుల మీద ప్రశ్నలు చాలా కాలం నడిచాయి. ఆరేళ్ల తర్వాత 'పుష్ప' వచ్చింది. కథ శేషాచలంలో జరుగుతుంది, తెర మీద కనిపించే పచ్చటి అడవి మాత్రం చాలావరకు మారేడుమిల్లిది. పాపికొండలవైపు పచ్చదనం తెచ్చి ఇక్కడి కథకి తొడిగారు. సినిమా చూసి వచ్చినవాళ్లకి అసలు శేషాచలం కాస్త వెలిసినట్టు, ముళ్లముళ్లుగా కనపడితే తప్పు అడవిది కాదు.

ఈ స్మగ్లింగు గొడవ నడకరాయుళ్ల మెడకీ చుట్టుకుంది. చెన్నై, బెంగళూరుల నుంచి వారాంతాల్లో కుర్రాళ్లు కోనలు వెతుక్కుంటూ వస్తారు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన దారి పట్టుకుని లోపలికి పోతారు. చీకటి పడ్డాక దారి తప్పి ఫోన్లు చేస్తే సిబ్బంది రాత్రంతా వెతికి తెచ్చిన సందర్భాలున్నాయి. అనుమతి లేకుండా పార్కులోకి అడుగు పెట్టడం నేరం. పైగా ఈ అడవిలో సంచీ వేసుకుని దారి కాని దారిలో కనపడ్డ ప్రతి మనిషినీ అధికారులు ముందు దుంగల దొంగగానే చూస్తారు. వాళ్లనీ తప్పుపట్టలేం. అయితే అడిగి వచ్చేవాళ్లకి కూడా తెరిచిన దారులు చాలా తక్కువ. ఒకట్రెండు మంచి దారులకి రోజుకి ఇంతమందే అని లెక్క పెట్టి, స్థానిక గైడ్లతో పంపితే దొంగదారులు పట్టేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నాకనిపిస్తుంది.

ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం ఈ అడవే తలుపులు బార్లా తీస్తుంది. దానికి దేవుడి పూచీ ఉంది. తిరుమల కొండల్లోని తీర్థాలకి ముక్కోటి రోజులుంటాయి. పుష్య మాసంలో రామకృష్ణ తీర్థం, ఎండలు ముదిరే వేళకి వచ్చే పున్నమికి తుంబురు తీర్థం. పాపవినాశనం దగ్గర్నుంచి తుంబురు తీర్థానికి ఏడు కిలోమీటర్ల లెక్క. వాగులు దాటాలి, బండలు పాకాలి, చివరికి కొండ నిలువునా రెండుగా చీలినట్టున్న సందులో నీళ్లలో నడవాలి. ఆ రోజు మంచినీళ్లు, మజ్జిగ, అన్నం దారి పొడుగునా పెడతారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లని రావొద్దంటారు. పార్కులో నిజమైన కొండనడక అదే. జనం మాత్రం విపరీతం, జంతువేదీ ఆ దరిదాపుల్లో ఉండదు. అయినా అరవై దాటిన పల్లెటూరి అవ్వలు చీర కుచ్చిళ్లు ఎగదోపి బండల మీద అలవోకగా దిగుతుంటే, ఖరీదైన బూట్లేసుకున్న కుర్రాళ్లు పట్టుకోవడానికి కొమ్మలు వెతుక్కోవడం చూడదగ్గ వన్యప్రాణి దర్శనమే.

కదలనివి చూడాలనుకుంటే రాళ్లున్నాయి. తిరుమల మీద శిలాతోరణం దగ్గరికి అందరూ వెళతారు. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున గాలీ నీరూ చెక్కిన సహజ తోరణం. దానికంటే పెద్ద వింత ఘాటు రోడ్డు పక్కనే ఉంది, బస్సులో ఎవరూ తల తిప్పరు. కొండ కోసిన చోట కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. రెంటి మధ్య ఒక గీత. కింది రాయి ఏర్పడిన కాలానికీ పై రాయి ఏర్పడిన కాలానికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. అంతకాలంలో ఇక్కడేం జరిగిందో చెప్పే పొరే మిగల్లేదు. ఈ గీతనీ, ఆ తోరణాన్నీ రెంటినీ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించారు. మనం ఆ మలుపులో వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటూ పోతాం.

రైలు మీద కడప వైపు వెళితే మామండూరు వస్తుంది. ఊరు చిన్నది, చుట్టూ అడవి పెద్దది. తాళ్లపాక నుంచి అన్నమయ్య కొండకి నడిచి వచ్చిన దారి కుక్కలదొడ్డి మీదుగా ఈ పక్కల నుంచే పైకి పోతుంది. ఈ కొండల్లోదే చామల లోయ. బెంగళూరు వేటగాడు కెనెత్ ఆండర్సన్ తన మొదటి పుస్తకంలో ఇక్కడి మనుషుల్ని తినే పెద్దపులి మీద ఒక అధ్యాయం రాశాడు. అందులో వచ్చే పులిబోను, నాగపట్ల, ఉంబలమేరు ఇప్పటికీ అటవీ సిబ్బంది నోట్లో రోజూ నలిగే పేర్లే. పెద్దపులి మాత్రం ఇక్కణ్నుంచి పోయింది, దాని కాపురం ఇప్పుడు నల్లమలలో. అక్కణ్నుంచి లంకమల, పెనుశిల అడవుల మీదుగా శేషాచలం దాకా పులులు నడిచి రావడానికి వీలుగా కారిడార్ కాపాడాలని అటవీశాఖ ఆలోచన. వస్తే మంచిదే. జీపులు, రిసార్టులు, గేటు దగ్గర క్యూలు కూడా దాని వెనకే వస్తాయన్నది వేరే సంగతి.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి జవాబు సులువు. ఈ కొండలకి గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. అప్పుడు నీళ్లు నిండుగా ఉంటాయి, వాగులు ప్రమాదంగా ఉంటాయి. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్లీ భక్తులకి తెరవడానికి మరుసటి ఏడాది మే దాకా పట్టింది. జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. చలి తక్కువ, నీళ్లు ఇంకా ఉంటాయి, ఆకు రాలడం మొదలై పొదల్లోకి చూపు ఆనుతుంది. మార్చి దాటితే మంటల భయం, లోపలి దారులు చాలావరకు మూసేస్తారు. తలకోనలో అటవీశాఖ, పర్యాటకశాఖ బసలున్నాయి, ముందే అడిగి పెట్టుకోవాలి. శనాదివారాలు వద్దు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే ఆరింటికి గేటు దగ్గరుంటే, బహుశా ఆ పెద్దాయనే కర్ర పట్టుకుని కూర్చుని ఉంటాడు. టీ తాగి బయల్దేరండి.